అమ్మడూ, ముందు తలుపుల సంగతి చూడు

చంద్రగిరి

చి. అమ్మడికి,

మామ ఆశీస్సులు. నువ్వు సినిమా హాలు పెడుతున్న సంగతి నాకు నువ్వు చెప్పలేదు, మీ అమ్మా చెప్పలేదు. మా వీధిలో ఎలక్ట్రీషియన్ కుర్రాడు చెప్పాడు. "మీ మేనకోడలంట గదా సార్, తిరుపతి తిలక్ రోడ్డు వెనక పాత గోడౌన్‌లో త్రీ ఫేజ్ లైనుకి ఎస్టిమేట్ అడిగింది. ఎనభై సీట్లేనంట, హీరోల సినిమాలు వెయ్యరంట" అని నవ్వాడు. వాడి ముందు నేనూ నవ్వి ఇంటికొచ్చాను. రాత్రి నిద్ర పట్టలేదు. రివైండింగ్ కుర్రాడిగా చేరి, ప్రొజెక్టర్లో కాలే కార్బన్ కడ్డీల పొగ పీల్చి, ఆపరేటర్‌గా రిటైరైన మామ ఒకడు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని నీకు గుర్తు రాలేదా?

సరే, కోపం అంతవరకే. మన ఇంట్లో సినిమా పిచ్చి నాతోనే పోతుందనుకున్నాను. నా కొడుకులిద్దరూ ఫోన్లో చూసి, సగంలో ఆపి, పడుకుంటారు. నువ్వేమో గోడౌన్ బాడుగకు తీసుకున్నావు. భయం వేసింది, నిజమే. మీ అత్త ఎదురుగా మాత్రం మీసం మెలేశాను.

తెలిసిన విషయాలు తొందరగా చెప్పేస్తాను. హాలు నడపడానికి బి ఫారం లైసెన్స్ జాయింట్ కలెక్టర్ ఆఫీసులో తీసుకోవాలి. ఫైర్ వాళ్ళ ఎన్‌ఓసీ, కరెంటు ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా పోస్టరు కూడా అంటించొద్దు. వంద రూపాయల లోపు టికెట్‌కి ఇప్పుడు జీఎస్టీ 5 శాతం, దాటితే 18. కాబట్టి వంద దాటనివ్వకు. పాత సినిమాల కోసం పూణే ఫిల్మ్ ఆర్కైవ్‌కి రాయాలంటే, అది 2022లో కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసిపోయింది, అక్కడికే రాయి. డిస్కులోంచో ఓటీటీలోంచో పెట్టేసి టికెట్ అమ్మావంటే నీకు నేను మామని కాదు. డిజిటల్ సినిమాకి తాళం తీసే కోడ్, కీ అని ఇస్తారు గదా, అది ఆ మెషీన్‌కి, ఆ తేదీలకే పనిచేస్తుంది. ముందురోజే వేసి చూసుకో. జనం కూర్చున్నాక "కీ రాలేదు" అనడం కంటే సిగ్గుచేటు లేదు. ప్రొజెక్టర్‌కి యూపీఎస్ ఉండాలి. సౌండు తక్కువైనా పర్లేదు, మాట అర్థం కావాలి.

ఇక తలుపులు. ఆ గోడౌన్ నేను చూశాను, ఒకప్పుడు శనక్కాయల మూటలు వేసేవాళ్ళు. ముందు ఒక పెద్ద రేకు షట్టరు, వెనక సందులోకి చిన్న తలుపు, అంతే. అది చాలదు. పక్క గోడ పగలగొట్టించి ఇంకో తలుపు పెట్టించు. తలుపులన్నీ బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపుని జనమే తోసి తోసి మూసేస్తారు. ఆట నడుస్తున్నంతసేపూ ఏ తలుపుకీ గొళ్ళెం ఉండకూడదు. వరసల మధ్య దారిలో ఎక్స్‌ట్రా కుర్చీ ఒక్కటి కూడా వెయ్యొద్దు, కలెక్టరే వచ్చి నిలబడ్డా సరే. 1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ హాలు సంగతి నువ్వు చదివే ఉంటావు. కింద ట్రాన్స్‌ఫార్మర్‌లో మంట, పొగంతా బాల్కనీకి ఎక్కింది. అక్కడ అదనపు సీట్లు వేసి ఒక పక్క దారి మూసేసి ఉన్నారు. 59 మంది చనిపోయారు. ఆ వార్త వచ్చిన రోజు మా ఓనరుకి చెప్పకుండానే నేను మా హాల్లో సైడు తలుపుల తాళాలన్నీ తీసుకెళ్ళి ఇంట్లో పెట్టేశాను.

ఎందుకంత అంటే, మన ఊళ్ళోనే ఒక పాఠం జరిగి ఉంది. అది నీకు పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే నువ్వు పెట్టబోయేది సరిగ్గా అలాంటిదే.

80ల మొదట్లో తిరుపతిలో కొందరు కలిసి ఒక ఫిల్మ్ సొసైటీ నడిపారు. లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు. మంచివాళ్ళే. ఆదివారం పొద్దున మా హాలు అద్దెకు తీసుకునేవాళ్ళు, మ్యాట్నీకి ముందు ఖాళీ చెయ్యాలి. ఆపరేటర్‌ని నేనే. సభ్యులకు మాత్రమే ప్రవేశం. ఆ రూలు ఎందుకొచ్చిందంటే, విదేశీ సినిమాలకు మన సెన్సార్ సర్టిఫికెట్ ఉండదు, సొసైటీలకు మినహాయింపు ఇచ్చి, సభ్యులకు మాత్రం చూపించుకోమన్నారు. అంతవరకు న్యాయం. కానీ ఆ రూలు వాళ్ళకు అలవాటైపోయి, సర్టిఫికెట్ ఉన్న సినిమాకి కూడా అదే పట్టుకున్నారు.

ఒక ఆదివారం 'ఒక ఊరి కథ' తెప్పించారు. మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసింది, ప్రేంచంద్ కథ ఆధారం. కూలిపని చేస్తే బాగుపడేది ఆసామే గానీ మనం కాదని పని మానేసిన తండ్రీ కొడుకుల కథ. తెలుగు సినిమా, కూలీల సినిమా, సర్టిఫికెట్ ఉన్న సినిమా. గేటు బయట ఎవరున్నారో తెలుసా? మార్కెట్ హమాలీలు, లాడ్జి కుర్రాళ్ళు, పూలు కట్టే ఆడవాళ్ళు. గోడమీద పోస్టరు చూసి వచ్చారు. డబ్బులు చేతిలో పట్టుకుని టికెట్ అడిగారు. కమిటీ పెద్దాయన ఒకరు "ఇది మీకు అర్థమయ్యే సినిమా కాదు" అని గేటుకి తాళం వేయించాడు. లోపల అన్ని వందల సీట్లలో ముందు నాలుగు వరసలు కూడా నిండలేదు.

మా హాలు ఊడ్చే ఆమెని మాత్రం నేను క్యాబిన్‌లోకి పిలిచి తెర కనిపించే రెండో రంధ్రం దగ్గర నిలబెట్టాను. రెండో ప్రొజెక్టర్ మీద రీలు ఎక్కిస్తా ఉండగా మొదటిదాంట్లో ఫిల్మ్ ఇరుక్కుంది. కార్బన్ దీపం వేడికి ఫ్రేము కరిగి, తెరమీద గోధుమరంగు బుడగలు లేచాయి. అది సేఫ్టీ ఫిల్మ్, కరుగుతుందే గానీ మా గురువుగారి కాలపు నైట్రేట్ ఫిల్మ్ లాగా భగ్గుమనదు. నేను ప్రొజెక్టర్ షట్టర్ దించేశాను, అంతటితో అయిపోవాలి. కానీ కిందివాళ్ళకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? వాసన వచ్చింది, ఎవరో "నిప్పు" అన్నారు, అందరూ గేటు మీదికి పరిగెత్తారు. తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ బంకు దగ్గర. బయటనుంచి హమాలీలే గేటు పట్టి లాగి, చిలుకు ఊడబెరికి తీశారు. ఒకావిడ చేతి గాజులు పగిలి గీసుకుపోయింది, అంతే, పెద్దగా ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరిని బయట ఉంచాలని తాళం వేశారో, వాళ్ళే వచ్చి తెరిచారు.

అప్పుడైనా లోపలికి రమ్మనాలి గదా? "థాంక్స్" అన్నారు, మళ్ళీ గేటు మూశారు. ఫిల్మ్ అతికించి మిగతాది వేశాను. తర్వాత ఇంగ్లీషులో చర్చ, ఫ్యూడలిజం అదీ ఇదీ. క్యాబిన్‌లో ఊడ్చే ఆమె అడిగింది: "ఆ కోడలు పిల్ల నొప్పులు పడతా ఉంటే మంత్రసానిని పిలవడానికి లేవలేదు, సచ్చినాక డబ్బులు అడుక్కోడానికి లేచినారు. ఆ పిల్ల గురించి కింద ఒక్కరన్నా మాట్లాడతారా అయ్యా?" మాట్లాడలేదు, నేను చివరిదాకా విన్నాను.

ఆ తర్వాత కుటుంబాలతో వచ్చేవాళ్ళు మానేశారు. ఇంకొన్నాళ్ళకు సొసైటీ పేరు తప్ప ఏమీ మిగల్లేదు. టీవీ వచ్చి చంపేసింది అని ఇప్పటికీ అంటారు. దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల సినిమాలు వేసిన మాట నిజమే. కానీ టీవీ ఇంట్లోకి ఎవరినైనా రానిచ్చింది, వీళ్ళు రానివ్వలేదు. నా లెక్కలో చంపింది ఆ తాళమే.

నువ్వు చదువుకున్నదానివి. నీ స్నేహితులూ చదువుకున్నవాళ్ళే. అందుకే నా భయం. మొదటి నెలంతా వాళ్ళే వస్తారు, ఒకరికొకరు మెచ్చుకుంటారు, నువ్వు హాలు నడుస్తోందనుకుంటావు. రెండో నెలలో వాళ్ళు బెంగుళూరు పోతారు.

తిరుపతి ఎలాంటి ఊరు? రోజూ వేలమంది వచ్చిపోతారు. రోడ్లు వాళ్ళకి, లాడ్జీలు వాళ్ళకి, బస్సులు వాళ్ళకి. తప్పని నేననను, మన అన్నం వాళ్ళ వల్లే. కానీ ఊరివాళ్ళు సాయంత్రం ఎక్కడ కూర్చోవాలి? ఘాట్ రోడ్డు డ్రైవర్లు, కల్యాణకట్టలో షిఫ్టు దిగినవాళ్ళు, రుయా ఆసుపత్రి నర్సులు, పద్మావతి యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు, రిటైరైన మాలాంటి వాళ్ళు, వీళ్ళంతా ఒకచోట కూర్చుని ఒకే దాన్ని చూసి, బయటికొచ్చి టీ తాగుతా పోట్లాడుకునే జాగా ఈ ఊళ్ళో ఎన్ని ఉన్నాయి? ఒకప్పుడు సినిమా హాలే ఆ జాగా. లీలామహల్ సర్కిల్, వి.వి. మహల్ రోడ్డు అని ఊరి దారులకి సినిమా హాళ్ళ పేర్లు ఊరికే రాలేదు. మల్టీప్లెక్స్‌లో ఆ పని జరగదు. బొమ్మ అయిపోగానే ఇంకో దారిన పార్కింగ్‌లోకి దించేస్తారు. నీ హాలు బయట నీడ ఉండాలి, బెంచీలు ఉండాలి, అయిపోయాక గంటసేపు ఎవరినీ వెళ్ళమనకూడదు.

"జనం నెమ్మదిగా నడిచే సినిమా చూడరు" అని నీతో చెప్పేవాళ్ళు చాలామంది తగులుతారు. వాళ్ళని పుత్తూరు, నగరి వైపు భారతం ఉత్సవాలు జరిగేటప్పుడు తీసుకెళ్ళు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం, పద్దెనిమిది రోజులు. అర్జున తపస్సు నాడు తపస్సు మాను ఎక్కుతా అర్జునుడి వేషం కట్టినతను ఒక్కో పద్యం ఎంతసేపు పాడతాడో! ఎవరైనా లేచిపోతారా? పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని తెల్లారిందాకా చూస్తారు. గుంటూరు వైపు పుట్టిన నాగయ్యని చిత్తూరు నాగయ్యని చేసింది కూడా ఈ జిల్లా నాటకాల జనమే. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో ఆయన పాడుతుంటే విన్నవాళ్ళకి ఓపిక లేదా?

కర్ణాటకలో షిమోగా దగ్గర హెగ్గోడు అని చిన్న పల్లె. అక్కడ కె.వి. సుబ్బణ్ణ అనే ఆయన నీనాసం పేరుతో నాటకాలు నడిపిస్తూ, 70ల్లో వక్క తోటల్లో పనిచేసేవాళ్ళకి ప్రపంచ సినిమాలు వేసి చూపించాడు. వాళ్ళ భాషలో పరిచయం చేసి కూర్చోబెట్టాడు. 1991లో ఆయనకి మెగసెసె అవార్డు ఇచ్చారు. నీకు అవార్డు రావాలని కాదు. పల్లెలో జరిగింది తిరుపతిలో జరగకపోవడానికి కారణం ఏమిటో నాకు కనిపించడం లేదు, అంతే.

కాబట్టి ఆట మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు ఎవరో ఒకరు మన తెలుగులో, మన యాసలో కథ ఎక్కడ మొదలవుతుందో చెప్పాలి. మూకీల రోజుల్లో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు, అది మనకి కొత్తేమీ కాదు. ఇంగ్లీషు అక్షరాలు చదవలేనివాళ్ళ కోసం తెలుగు సబ్‌టైటిల్ వేయించడానికి దర్శకుల్ని అడుగు, చిన్నవాళ్ళు సంతోషంగా ఒప్పుకుంటారు. తమిళం సినిమాలకైతే మన జనానికి సబ్‌టైటిల్ ఎందుకు, చాలామంది ఇళ్ళలో మాట్లాడేదే అది. చర్చ పెట్టు, కానీ మైకు మొదట ప్రొఫెసర్‌కి ఇవ్వొద్దు. టైములు షిఫ్టుల్ని బట్టి పెట్టు, పల్లెలకి ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కుని దానికి అరగంట ముందే వదిలెయ్యి. ఆడపిల్లలు వచ్చే హాల్లో బాత్రూం శుభ్రంగా ఉండాలి, లోపల బల్బు వెలగాలి. తెర కంటే ముందు దానికి ఖర్చు పెట్టు.

డబ్బు సంగతి. టికెట్ల మీద బతకలేవు. టీ, పల్లీలు, పొద్దునపూట పిల్లల డ్రాయింగ్ క్లాసుకి హాలు అద్దె, ఇలాంటివే బాడుగ కడతాయి. మీ అమ్మ గాజులు కుదువ పెడతానన్నావట. దాని జోలికి వెళ్ళావంటే వచ్చి షట్టరు దించేస్తాను. ఎనభై సీట్లకి కొత్త కుర్చీలు కొనక్కర్లేదు. మూతపడిన హాళ్ళ కుర్చీలు మదనపల్లిలో ఒకతను అమ్ముతాడు, నేను మాట్లాడతాను. గోడలకి వేసే బట్ట, స్పంజి మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు, మంట అంటుకోనిదని సర్టిఫికెట్ ఉన్నదే కొను. కక్కుర్తి పడకు.

గంగమ్మ జాతర అయ్యాక సోమవారం నేను వస్తాను, టేపు తెస్తాను. అప్పటిదాకా మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వొద్దు. క్యాబిన్‌లో నిచ్చెన పెట్టిస్తావేమో, మెట్లే కట్టించు. నా మోకాళ్ళు ఇదివరకటిలా లేవు, నేను రోజూ ఎక్కాలి గదా.

ఇట్లు,
నీ మామ