విజయరామరాజు రెండుసార్లు ఎలా చనిపోయాడు?

అక్కా, మీ బాబు ప్రాజెక్టులో విజయరామరాజు 1757లోనూ 1794లోనూ చనిపోయినట్టు వచ్చిందని టెన్షన్ పడకండి, వాళ్లు ఇద్దరు వేర్వేరు రాజులు. మన విజయనగరం పూసపాటి వారిలో ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తుంది, అదే తంటా. పెద్దాయన ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి కోట మీదకెళ్లి, కోట పడ్డాక తన డేరాలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. చిన్న విజయరామరాజుది పూర్తిగా వేరే గొడవ: పేష్కష్ (కప్పం) బకాయిలంటూ ఈస్టిండియా కంపెనీ పీడించి, చివరికి విజయనగరం వదిలి పొమ్మంటే ఆయన వెళ్లకుండా పద్మనాభంలో మకాం వేసి, 1794 జూలై 10న కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. యుద్ధం గంటసేపు కూడా సాగలేదు. చార్టులో పేర్ల ముందు పెద్ద, చిన్న అని రాయించండి. మ్యాపులో పద్మనాభాన్ని మాత్రం విశాఖ జిల్లాలో పెట్టించండి.