పాత ఫ్లాట్ కొని, బాగు చేయించి, అద్దెకిస్తే...

ప్రశ్న: మాది ఖమ్మం. నాకు 43 ఏళ్లు, టీచర్‌ని. కూకట్‌పల్లిలో 22 ఏళ్ల నాటి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ 58 లక్షలకు వస్తోంది. ఓనర్ అమెరికాలో ఉంటున్నారు. నా దగ్గర మొత్తం 24 లక్షలున్నాయి. 40 లక్షలు లోన్ తీసుకుని, 18 లక్షలు చేతి నుంచి పెట్టి, 5 లక్షలతో బాగు చేయించి 20 వేలకు అద్దెకిద్దామనుకుంటున్నాను. ఐదేళ్ల తర్వాత అమ్మితే లాభం ఉంటుందా?

జవాబు: మాస్టారూ, మీ లెక్క చూడటానికి బాగానే ఉంది. కానీ అందులో రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపితే 7.5 శాతం. 58 లక్షల మీద 4.35 లక్షలు. ఈ సొమ్ముకు బ్యాంకు లోన్ ఇవ్వదు. బ్రోకర్‌కి ఒక శాతం అనుకుంటే 58 వేలు. లోన్ ప్రాసెసింగ్, లాయర్ ఒపీనియన్, సొసైటీలో పేరు మార్పు వగైరాలకు ఓ 30 వేలు వేసుకోండి. మీ 18 లక్షలతో కలిపితే 23.23 లక్షలు. అంటే తాళం చెవి చేతికొచ్చేసరికి మీ దగ్గర మిగిలేది 80 వేలు కూడా కాదు. రిపేర్లకని పక్కన పెట్టుకున్న 5 లక్షలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దాటకముందే అయిపోయాయి.

'రిజిస్ట్రేషన్‌లో 42 లక్షలే చూపిద్దాం, మిగతాది క్యాష్' అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, చూస్తూ ఉండండి. అది తప్పుడు పని, పైగా మీకే నష్టం. పత్రంలో తక్కువ చూపిస్తే లోన్ కూడా తగ్గుతుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువగా కనబడి పన్నూ పెరుగుతుంది.

ఇక రిపేర్ల సంగతి. నేనూ ఒకప్పుడు 19 ఏళ్ల పాత ఫ్లాట్ కొన్నవాణ్ణే. బాత్రూమ్ టైల్స్ మార్పించి, రంగులు వేయించి, టు-లెట్ బోర్డు కూడా పెట్టించాను. పదిహేను రోజులకు కింది ఫ్లాట్ ఆయన ఫోన్ చేసి, 'మా సీలింగ్ ఓసారి వచ్చి చూడండి' అన్నారు. వెళ్లి చూస్తే చాపంత తడి మచ్చ, పెచ్చులు ఊడి లోపలి ఊచలు కనిపిస్తున్నాయి. గోడలోని పాత జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనప గొట్టం) తుప్పు పట్టి చిల్లులు పడిందట. నా కొత్త టైల్స్ నేనే దగ్గరుండి పగలగొట్టించాను. ఆయన సీలింగ్ ఖర్చు కూడా నాదే. అదే డిజైన్ టైల్ మళ్లీ దొరకలేదు కూడా. ఇప్పటికీ ఆ బాత్రూమ్‌లో ఒక గోడ వేరే రంగులో ఉంటుంది.

పాత ఇళ్లలో డబ్బు పోయేది ఇలా కంటికి కనబడని చోటే. పైపులు, ఎర్తింగ్ లేని వైరింగ్, చెద పట్టిన గుమ్మాలు. పనులు కూడా మనం అనుకున్న వేగంతో సాగవు. సొసైటీ వాళ్లు పగలు కొన్ని గంటలే డ్రిల్లింగ్ చేయనిస్తారు, ఆదివారం వద్దంటారు, పగలగొట్టిన మట్టి లిఫ్టులో దించనివ్వరు. మూడో అంతస్తు నుంచి బస్తా లెక్కన కూలీ కట్టి మెట్ల మీద మోయించాలి. ప్లంబర్ వస్తే మేస్త్రీ రాడు, మేస్త్రీ వస్తే టైల్స్ రావు. మీరేమో ఖమ్మంలో. స్కూలు మానేసి ఎన్నిసార్లు వస్తారు? నన్నడిగితే 8 లక్షలు, నాలుగు నెలలు అనుకోండి. పని ఆషాఢంలో పూర్తయితే ఇంకో నెల ఖాళీ, శూన్యమాసంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ కదా.

ఈలోగా ఈఎంఐ ఆగదు. 40 లక్షలు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే నెలకు సుమారు 34,700. బిల్డింగ్ పాతది కాబట్టి బ్యాంకు 15 ఏళ్లకే ఒప్పుకుంటే 39,400 దాకా వెళ్తుంది. అద్దె లేని నాలుగు నెలలకు కనీసం 1.39 లక్షలు. అన్నీ కలిపితే ఫ్లాట్ మీకు 72 లక్షల పైనే పడుతోంది. ఏడాదికి 11 నెలలు అద్దె వచ్చినా 2.2 లక్షలు, మొదటి ఏడాది వడ్డీయే 3.3 లక్షలు దాటుతుంది. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకునే వీలు కూడా లేదు.

ఐదేళ్లకు అది 27 ఏళ్ల ఫ్లాట్ అవుతుంది. అప్పుడు కొనేవాళ్లకు బ్యాంకు ఇంకా తక్కువ ఏళ్లకే లోన్ ఇస్తుంది. మీరు ముచ్చటపడి చేయించిన కిచెన్‌కు వాళ్లు పైసా ఎక్కువివ్వరు, యూడీఎస్, అంటే స్థలంలో ఆ ఫ్లాట్ వాటా, ఎన్ని గజాలని అడుగుతారు. లాభం వస్తే దాని మీద ఇప్పటి రేటు ప్రకారం 12.5 శాతం పన్ను. రిపేర్ బిల్లులు దాచుకుంటే శాశ్వతమైన మార్పులకు పెట్టిన ఖర్చును లాభంలోంచి తీసేయొచ్చు, కానీ మన మేస్త్రీల్లో బిల్లు ఇచ్చేదెవరు?

ఓనర్ అమెరికాలో ఉన్నారన్నారు, అది చిన్న విషయం కాదు. ఇక్కడుండే వాళ్ల దగ్గర 50 లక్షలు, ఆపైన పెట్టి కొంటే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల పన్ను కింద ధరలోంచి మనమే ముందుగా పట్టుకునే సొమ్ము) పట్టుకుని ప్రభుత్వానికి కడితే చాలు. ఎన్నారై దగ్గరైతే లెక్కే వేరు, అంతకంటే చాలా ఎక్కువ పట్టాలి. పట్టకపోతే ఆదాయపు పన్ను శాఖ ఆ బాకీ మిమ్మల్నే అడుగుతుంది. ఆడిటర్‌తో మాట్లాడకుండా టోకెన్ అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.

నా మాట అయితే, ఈ ధరకు, ఈ 24 లక్షలతో కొనొద్దు. మధ్యలో డబ్బు చాలక బంగారం తాకట్టు పెట్టినవాళ్లను చాలామందిని చూశాను. మనసు దాని మీదే ఉంటే ముందు గట్టిగా వాన పడిన మర్నాడు ఒక ప్లంబర్‌ని, ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకుని వెళ్లండి, చెరో వెయ్యి ఇస్తే చాలు. కింది ఫ్లాట్ వాళ్లనడిగి వాళ్ల బాత్రూమ్ సీలింగ్ చూడండి. వేసవిలో ట్యాంకర్లు ఎన్ని వస్తాయో వాచ్‌మన్‌ని అడగండి, అతను దాచడు. లిఫ్టు మార్పు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ లాంటివి సొసైటీ మీటింగుల్లో నలుగుతున్నాయేమో కనుక్కోండి, ఆ వాటా కొత్త ఓనర్ మీదే పడుతుంది. ప్లంబర్, ఎలక్ట్రీషియన్ చెప్పిన రిపేర్ల ఖర్చంతా కాగితం మీద రాసి ఆ మేరకు ధర తగ్గించమని ఓనర్‌ని అడగండి. తగ్గిస్తే, ఆరు నెలల ఈఎంఐ విడిగా ఉంచుకోగలిగితే, అప్పుడు మళ్లీ రాయండి, చూద్దాం.