అలిగేషన్ (రెండు గాఢతల ద్రావణాలను ఏ పాళ్లలో కలపాలో తేల్చే పద్ధతి) లెక్కలో పాళ్లు తారుమారు అవుతున్నాయా?

బీఫార్మసీలో ఈ లెక్క ఎక్కడ తప్పుతోందని అడిగారు. మీ తీసివేతలో తప్పు లేదు, తేడాలు రాసిన చోటు తప్పు. 90%, 60% ఆల్కహాల్ కలిపి 70%ది 600 మి.లీ. చేయమంటే మీకు 90%ది 400 వచ్చింది. ఏ అంకె తేడాను ఆ అంకెకు ఎదురుగానే రాసేశారు.

1. ఎడమవైపు పైన 90, కింద 60, మధ్యలో 70.
2. 90 − 70 = 20. దీన్ని ఐమూలగా దించి 60కి ఎదురుగా రాయండి. చాలామంది తప్పేది ఇక్కడే.
3. 70 − 60 = 10. ఇది 90కి ఎదురుగా.
4. ఇవి మిల్లీలీటర్లు కావు, పాళ్లు. మొత్తం 30, ఒక్కో పాలు 20 మి.లీ. అంటే 90%ది 200, 60%ది 400.

సరిచూసుకోండి: 180 + 240 = 420, అంటే 600లో 70%. మీ జవాబుతో 480 వస్తుంది, అది 80%. ఘాటు కారంలో చప్పటి కారం కలిపే గుంటూరులో ఉంటూ ఇది తడబడితే ఎలా? కావలసింది చప్పదనానికి దగ్గరైతే చప్పటిదే ఎక్కువ పడాలి.

నీటితో పలుచన చేయమంటే 60 బదులు 0 రాయండి, నీటిలో ఆల్కహాల్ ఉండదు కదా. ల్యాబులో మాత్రం నీటిని విడిగా కొలిచి పోయకండి. ఆల్కహాల్, నీరు కలిస్తే మొత్తం కొంచెం తగ్గుతుంది. సిలిండర్‌లో ఆల్కహాల్ పోసి, కావలసిన గీత వరకు నీటితో నింపండి.

బైపీసీ వాళ్ల రెమెడియల్ మ్యాథ్స్‌లో దీనికోసం వెతకకండి, అక్కడ లాగరిథమ్‌లు, మాత్రికల లాంటివే ఉంటాయి. ఇది మొదటి సెమిస్టర్ ఫార్మాస్యూటిక్స్‌లోది.