హరీస్ హైదరాబాద్‌కొచ్చి హలీమ్ ఎలా అయింది?

ప్రశ్న: యెమెన్ వాళ్లు తెచ్చిన హరీసే మన హలీమ్ అంటారు. మరి హైదరాబాద్‌లోని బార్కస్ వాడలో పొద్దున దొరికే హరీస్‌కీ, రంజాన్ సాయంత్రం హోటల్లో తినే హలీమ్‌కీ పోలికే లేదేంటి? వలస వచ్చినవాళ్ల అలవాట్లు ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ మారతాయి? ఇంట్లో రెండూ చేసి పోల్చి చూడాలంటే ఎలా?

జవాబు:

పోలిక ఉంది, కాకపోతే అది రుచిలో దొరకదు. రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి, ఒక్కోదాంట్లో చెంచా ముంచి మెల్లగా పైకెత్తండి. హరీస్ ముద్దగా తెగి పడుతుంది. తెల్లటి రంగు, నాలుకకు అక్కడక్కడా గోధుమ తగులుతుంది, పైన నెయ్యి మడుగు కట్టి ఉంటుంది. హలీమ్ అయితే గోధుమ రంగులో, చెంచాతో పాటే సన్నటి దారాలు దారాలుగా లేస్తుంది. ఆ దారాన్ని పాతబస్తీ వంటవాళ్లు రేషా అంటారు, ఆ సాగుడుని లేస్ అంటారు. రంగు, కారం, నెయ్యి, పైన చల్లే వేయించిన ఉల్లి అన్నీ పక్కన పెట్టేస్తే మిగిలేది ఒకటే పని: గోధుమనీ మాంసాన్నీ గంటల తరబడి ఉడికించి, కొట్టి ఒకటి చేయడం. అరబ్బీలో హరస అంటే దంచడం. పేరులో ఉన్నది ఆ దంచుడే. సముద్రం దాటి వచ్చింది కూడా అదే.

బార్కస్ అన్న మాట బ్యారక్స్ నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో చేరిన అరబ్బు సైనికుల నివాసాలు అక్కడుండేవి. వాళ్లలో ఎక్కువమంది యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం వాళ్లు. ఇక్కడ వాళ్లని చావుష్‌లు అంటారు, అది తుర్కీ సైన్యంలో ఒక హోదా పేరు. 18, 19 శతాబ్దాల్లో వచ్చిన ఈ సైనికుల్లో చాలామంది ఒంటరిగా వచ్చిన మగవాళ్లు. ఇక్కడి ఆడవాళ్లనే పెళ్లాడారు. నన్నడిగితే మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. వంటకం గుర్తున్నది మగవాళ్లకి, పొయ్యి దగ్గర కూర్చున్నది దక్కన్ ఆడవాళ్లు. "గోధుమా మాంసమూ కలిపి మెత్తగా చెయ్యి" అని భర్త చెప్పగలడు. అల్లం వెల్లుల్లి ఎంత, పచ్చిమిర్చి ఎన్ని, పోపు ఎప్పుడు అన్నది ఆమె చేతికి ముందే తెలుసు. ఇది ఎవరూ రాసిపెట్టిన సాక్ష్యం కాదు, నా అంచనా. కానీ హలీమ్‌లో చేరినవన్నీ చూడండి: పచ్చిమిర్చి, కొత్తిమీర, పుదీనా, ఎర్రగా వేయించిన ఉల్లి, పప్పులు. దక్కన్‌లో ఏ ఇంట్లో మాంసం వండినా చేతికందేవే ఇవి.

ఒకే ఒక్కరు తెచ్చి ఇచ్చారన్న కథ మాత్రం సరిపోదు. హద్రమౌత్‌లోని ముకల్లా నుంచి వచ్చిన సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ విందుల వల్ల ఇది పెద్దింటి వాళ్లలో పేరు తెచ్చుకుందని చెబుతారు. అది నిజమే కావచ్చు, కానీ అంతకు చాలా ముందే, 16వ శతాబ్దం చివర, అక్బర్ వంటశాల గురించి రాసిన అబుల్ ఫజల్ హరీసానీ హలీమ్‌నీ రెండు వేర్వేరు వంటలుగా చెప్పాడు. అంటే ఉత్తరం నుంచి వచ్చిన మొగలాయి దారి ఒకటి, సముద్రం మీదుగా వచ్చిన హద్రమౌత్ దారి ఒకటి. రెండూ హైదరాబాద్‌లో ఒకే డేగ్‌లో, అంటే ఒకే పెద్ద వంటపాత్రలో, కలిశాయి. ఒక ఊరి వంటకు ఒకే తాత ఉండాలని వెతికేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

తర్వాతి మార్పు అమ్మకంతో వచ్చింది. ఇంట్లో వండుకునేది హోటల్ మెనూలోకి ఎక్కింది. మదీనా హోటల్‌లో 1956లో మొదలైందని చెబుతారు. అమ్మేవాడికి వంటకం ఒక్క చూపుతో జనాన్ని ఆపాలి. అందుకే ఇటుకల భట్టీ హోటల్ ముందుకొచ్చింది, నెయ్యి పెరిగింది, మసాలా ఘాటెక్కింది. రంజాన్‌లో పొద్దంతా ఉపవాసముండి సాయంత్రం తినేవాడికి మెత్తగా, బలంగా, నమలాల్సిన పని లేకుండా ఉండేది కావాలి. అలా పొద్దుటి ఫలహారం సాయంత్రపు ఇఫ్తార్ వంటకమైంది. ఇదే వంటకం కశ్మీర్‌లో హరీసా పేరుతో చలికాలం పొద్దున్న తింటారు, అక్కడ గోధుమ స్థానంలో బియ్యం వేస్తారు. చేతిపని అదే. ధాన్యం, వేళ, రుతువు మాత్రం ఊరు ఇచ్చినవి. 2010లో హైదరాబాద్ హలీమ్‌కి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, దేశంలో ఒక మాంసాహార వంటకానికి ఇదే మొదటిది. మేకమాంసం, 10 పాళ్ల మాంసానికి 4 పాళ్ల గోధుమ, రాగి పాత్ర, కట్టెల మంట మీద 12 గంటలు, స్వచ్ఛమైన నెయ్యి అన్నవి అప్పుడు రాసుకున్న ప్రమాణాలు. మారుతూ వచ్చినదాన్ని ఒక చోట కాగితం మీద ఆపడం అంటే ఇదే.

బార్కస్‌లో హరీస్ అంతగా మారకపోవడానికి కారణం సరిగ్గా దీనికి వ్యతిరేకం. అక్కడ కొనేవాడూ వండేవాడూ ఒకే వాడ వాళ్లు. రుచి తేడా వస్తే మర్నాడే అడుగుతారు. కూడి ఉన్నచోట పాత పద్ధతి నిలిచింది, బయటివాళ్లకు అమ్మిన చోట మారింది. అయినా అక్కడి హరీస్ కూడా హద్రమౌత్‌లోదే అనుకోవద్దు. ఖారా (ఉప్పుది), మీఠా (తీపిది) అని రెండు రకాలుగా ఇస్తారు. ఆ రెండు మాటలే ఉర్దూవి.

ఇక ఇంట్లో చేసి చూడటం. ముందు హరీస్, ఎందుకంటే ఇది నాలుకను సరిచేస్తుంది. పొట్టు తీసిన గోధుమలు పావు కిలో రాత్రంతా నానబెట్టండి. ఎముకతో ఉన్న మటన్ పావు కిలో, అంగుళం దాల్చినచెక్క, 2 లీటర్ల నీళ్లు, అన్నీ కలిపి మందపాటి అడుగున్న గిన్నెలో వేసి సన్నమంట మీద 4 గంటలు ఉంచండి. నీళ్లు తగ్గితే మరిగే నీళ్లే పోయాలి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. ఎముకలు తీసి, ఉప్పు వేసి పప్పుగుత్తితో మెదపండి. పైన కరిగించిన నెయ్యి. సగానికి పంచదార చల్లి తినండి.

హలీమ్‌కి కిలో మటన్, 400 గ్రాముల గోధుమలు. తొడ మాంసం బోన్‌లెస్ అడగొద్దు. కాలి కండ, జబ్బ ముక్కలు, నాలుగు నల్లి ఎముకలు అడగండి. జిగురు ఇచ్చేది కండను ఎముకకు పట్టి ఉంచే ఆ తెల్లటి నరాలే. ఆ నరాలు లేని కండ ఎంత కొట్టినా పొడిపొడిగా పీచవుతుంది తప్ప సాగదు. నానిన గోధుమలకి శనగపప్పు, మినప్పప్పు, ఎర్ర మసూర్ పప్పు రెండేసి పెద్ద చెంచాలు కలిపి, రెండున్నర లీటర్ల నీళ్లతో 7 లీటర్ల కుక్కర్లో ఒక కూత వచ్చాక సిమ్‌లో 40 నిమిషాలు ఉంచండి. 5 లీటర్ల కుక్కరే ఉంటే రెండు విడతలు చేయండి. సగానికి మించి నింపితే గోధుమ నురుగు వెయిట్‌లోకి ఎక్కి ఆవిరి దారి మూసుకుపోతుంది.

వేరే కుక్కర్లో 50 గ్రాముల నెయ్యి వేసి మటన్, 3 పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, 10 పచ్చిమిర్చి, పసుపు, కొద్దిగా ఉప్పు వేసి వేయించాలి. చిలికిన పెరుగు 200 గ్రాములు మంట తగ్గించాకే, మూడు దఫాలుగా వేయండి. ఒక్కసారిగా పోస్తే విరుగుతుంది. పెరుగుని గోధుమల కుక్కర్లో ఎప్పుడూ వేయొద్దు, పులుపు తగిలితే పప్పు ఉడకదు. తర్వాత 600 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, సిమ్‌లో 45 నిమిషాలు. మాంసంతో పాటే వేసే మసాలా మూటలో మిరియాలు ఒక చెంచా, షాజీరా ఒక చెంచా, చలవ మిరియాలు అర చెంచా, లవంగాలు 6, యాలకులు 6, రెండంగుళాల దాల్చినచెక్క. పాతబస్తీలో కబాబ్ చీనీ అని అడిగితే ఇచ్చేది ఈ చలవ మిరియాలే. వాసనలో హలీమ్‌ని మామూలు మటన్ కూరకు దూరం చేసేది ఇదే, వదిలేయకండి.

ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడ్నుంచే. మాంసాన్ని మిక్సీలో వేయొద్దు. బ్లేడు దారాన్ని అడ్డంగా తెగ్గొడుతుంది, పేస్టు వస్తుంది, రేషా రాదు. మూట, ఎముకలు తీసేసి, వేడిగా ఉండగానే కర్ర గుత్తితో గిన్నె గోడకేసి నొక్కుతూ లాగండి, 20 నిమిషాలు పడుతుంది. హోటళ్లలో ఇద్దరు మనుషులు పొడుగాటి ఘోట్నాలతో ఎదురెదురుగా నిలబడి కొడతారు. గోధుమని కూడా విడిగా వేడిమీదే మెదపండి. చల్లారితే గడ్డలు కట్టి, తర్వాత ఎంత కలిపినా విడవవు. రెండూ కలిపాక పొయ్యి మీద పెనం, పెనం మీద గిన్నె పెట్టి గంటసేపు సన్నమంట. గోధుమ పిండి అడుగుకి దిగుతుంది కాబట్టి గరిటె అడుగంతా తిరగాలి. అడుగంటిన వాసన వస్తే గీకకుండా, పైదంతా వేరే గిన్నెలోకి వంచేయండి. గీకితే మొత్తం పోతుంది. మరో 150 గ్రాముల నెయ్యి మూడుసార్లుగా వేయండి. ఉప్పు చివర్లో సరిచూడండి, ముందే సరిపోయిందనుకుంటే నీరు ఇగిరాక కటికుప్పు అవుతుంది. అరకిలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, సగం ఇప్పుడే చిదిమి కలపండి, సగం పైకి. దించి 20 నిమిషాలు మూత పెడితే నెయ్యి పైకి తేలుతుంది. నిమ్మకాయ ప్లేట్లోనే పిండాలి. పదిమందికి సరిపోతుంది. మర్నాటికి గట్టిపడితే వేడి ఎముకల నీళ్లతో జారు చేసుకోండి.

ఈ రెండు గిన్నెల మధ్య మీ చేతులు ఎక్కడెక్కడ అదనంగా కదిలాయో గుర్తుపెట్టుకోండి: పప్పు కడిగినప్పుడు, అల్లం నూరినప్పుడు, పెరుగు చిలికినప్పుడు, ఉల్లి వేయించినప్పుడు. ఆ ఒక్కో కదలికా ఇక్కడ చేరినదే.

ఇరానీ చాయ్‌దీ దాదాపు ఇదే దారి. ఇరాన్‌లో పాలు లేని టీ తాగుతారు, చక్కెర ముక్క పళ్ల మధ్య పెట్టుకుని. ఇక్కడికొచ్చాక డికాషన్ విడిగా దమ్ మీద ఉంటుంది, పాలు విడిగా చిక్కబడతాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. డికాషన్ విడిగా కాయడం నిలిచింది, తాగేది పాలటీ అయింది.

అన్నం మీద మాంసం పెట్టి ఇచ్చే అరబ్బు వంటకం మండీది మాత్రం వేరే కథ, దాన్ని పాత వలసతో కలిపి చెప్పేవాళ్లు తప్పు చెబుతున్నారు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిశాక అరబ్బు దళాలు రద్దయ్యాయి, బార్కస్‌లో సైనికోద్యోగం పోయింది. 1970ల తర్వాత గల్ఫ్‌లో చమురు డబ్బు పెరిగాక ఇక్కడి కుర్రాళ్లు అటు వెళ్లారు. మండీ ఆ రాకపోకలతో బలపడిన రుచి. వెళ్లొచ్చేవాడికి అసలు రుచి ఏడాదికోసారి గుర్తు చేసుకునే వీలుంది. అందుకే బార్కస్ మండీ తొలినాళ్లలో పెద్దగా మారలేదు. ఊళ్లోకి, ఆపై జిల్లా కేంద్రాలకీ వెళ్లినప్పుడు మారింది. జ్యూసీ మండీ, ఫ్రై పీస్ మండీ, పక్కన మయోనైజ్, ఇవన్నీ మన మెనూల్లో పుట్టినవి. కానీ ఒకే పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని తినడం నిలిచింది. ఎంగిలి పట్టింపున్న ఇళ్ల పిల్లలు కూడా ఆ పళ్లెంలో చేయి పెడుతున్నారు. వంటకన్నా ఇదే పెద్ద మార్పని నా నమ్మకం.

దారి రెండు వైపులా నడిచింది. హద్రమౌత్‌ని ఏలిన ఖుఐతీ వంశానికి మూలపురుషుడు నిజాం సైన్యంలో జమేదారు, అంటే ఒక దళాధికారి. హైదరాబాద్‌లో సంపాదించిన డబ్బుతో అక్కడ రాజ్యం కట్టుకున్నారు. ముకల్లాలోని వాళ్ల రాజభవనంలో భారతీయ కట్టడాల పోకడ కనిపిస్తుంది. ఏడెన్‌లో జుర్బియాన్ అనే అన్నం మన బిర్యానీకి దగ్గరి చుట్టం. ఇక్కడ చూస్తే బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ పేర్లు ఉర్దూవి, లోపలున్న చింతపండు, నువ్వులు, పల్లీలు తెలుగు పులుసువి. ఆ పల్లీ, ఆ మిర్చి రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్కలు.

బార్కస్ వెళ్తే పొద్దున్నే వెళ్లండి, ఆలస్యమైతే గిన్నె ఖాళీ అవుతుంది. ముందు ఖారా తినండి, తర్వాత మీఠా. వరస తిప్పితే ఖారాలో గోధుమ రుచి తెలియదు.