రీస్టార్ట్ చేయమంటే చేయండి గానీ, ఓటీపీ మాత్రం పని అయ్యాకే చెప్పండి

"ఇంట్లో ఫైబర్ నెట్ పదే పదే ఆగిపోతోంది. కస్టమర్ కేర్‌కి చేస్తే రీస్టార్ట్ చేయమంటారు. మర్నాడు టికెట్ క్లోజ్ అయిందని మెసేజ్ వస్తుంది, నెట్ మాత్రం రాదు. ఎవరిని ఎలా అడిగితే పని జరుగుతుంది?" అని కదా అడిగారు.

ఎవరిని అన్నదానికన్నా ఏమని అన్నదే ముఖ్యం. ఫోన్ ఎత్తే అమ్మాయి ముందున్న స్క్రీన్ మీద మీ ప్లాను, బిల్లు, మహా అయితే మీ ఇంట్లోని నెట్ పెట్టె (రౌటర్) ఆన్‌లైన్‌లో ఉందా లేదా అన్నది కనబడతాయి. ఆమె టైప్ చేసే ఆ ఒక్క వాక్యమే లైన్‌మన్ ఫోన్‌కి వెళ్తుంది. "నెట్ స్లో" అని రాస్తే అతను వచ్చి, తన మొబైల్లో స్పీడ్ టెస్ట్ కొట్టి, "రౌటర్‌కి దగ్గర్లో కూర్చోండి సార్" అని చెప్పి వెళ్లిపోతాడు. "ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంటోంది" అని రాయిస్తే వైర్లో వచ్చే వెలుతురును కొలిచే పవర్ మీటరు పట్టుకుని వస్తాడు. అందుకే ఫోన్ చేసేముందు ఓ ఐదు నిమిషాలు పెట్టె ముందు నిలబడండి.

చూడాల్సినవి మూడే లైట్లు. ఎల్‌ఓఎస్ (LOS) ఎర్రగా వెలుగుతోందంటే, ఫైబర్ తీగలో నెట్‌ని మోసుకొచ్చే వెలుతురు మీ ఇంటికి రావడమే లేదు. కేబుల్ తెగింది, లేదా విపరీతంగా వంగింది, లేదా వెనకాల కనెక్టర్ ఊడింది. ఈ స్థితిలో వందసార్లు రీస్టార్ట్ చేసినా ఒరిగేదేమీ లేదు, ఆ మాట ఫోన్‌లో గట్టిగానే చెప్పండి. ఎల్‌ఓఎస్ ఆరిపోయి, పాన్ (PON) లైటు మాత్రం నిలకడగా లేకుండా కొట్టుకుంటుంటే వెలుతురు వస్తోంది గానీ ఎక్స్ఛేంజి వైపున్న కంపెనీ యంత్రం (ఓఎల్‌టీ) మీ పెట్టెను గుర్తించడం లేదు. సిగ్నల్ బలహీనంగా ఉన్నా ఇలాగే అవుతుంది, కొత్త పెట్టె సీరియల్ నంబరు అక్కడ ఎక్కించకపోయినా ఇలాగే అవుతుంది. పాన్ నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రం ఎర్రగా ఉంటే, లేదా అసలు వెలగకపోతే లైను బాగున్నట్టే. ప్లాన్ గడువు అయిపోయిందా, పెట్టె నెట్‌లోకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ తేడా పడిందా చూడాలి. అది ఫోన్ మీదే పరిష్కారమయ్యే పని, మనిషి రానక్కర్లేదు.

ఇంకో రకం ఉంది. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటే అది లైన్ కాదు, అడాప్టరు. చాలా పెట్టెలకి 12 వోల్టుల అడాప్టరే వస్తుంది. ఎండాకాలం వేడికి అది నీరసించిందంటే పెట్టె దానంతటదే రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. పెట్టె కింద స్టిక్కర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉంటుంది. వోల్టు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియరు అంతకు తగ్గకూడదు. అలాంటిది ఇంకోటి తెచ్చి పెట్టి చూస్తే సగం రోజులో తేలిపోతుంది.

రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు అన్నది కూడా ఇక్కడే చెప్పేయాలి. పిన్నుతో గుచ్చే చిన్న రంధ్రం జోలికి పోకండి. అది నొక్కితే పీపీపీఓఈ వివరాలు, కంపెనీ పెట్టెలో ఎక్కించిన వీలాన్ నంబరు అన్నీ చెరిగిపోవచ్చు. అప్పటిదాకా ఉన్న జబ్బుకి ఇంకో జబ్బు తోడవుతుంది. కొత్తగా చేరిన కస్టమర్ కేర్ వాళ్లు ఒక్కోసారి ఇది కూడా చేయించేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, ఆగి ఆగి వచ్చే నెట్. దీనికి నూటికి తొంభై సార్లు కారణం డీబీఎం, అంటే పెట్టెకి అందే వెలుతురు బలాన్ని చెప్పే అంకె, బాగాలేకపోవడమే అన్నది నా గట్టి అభిప్రాయం. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి, కొన్ని పెట్టెలకి 192.168.100.1. లాగిన్ వివరాలు కింద స్టిక్కర్ మీద ఉంటాయి. స్టేటస్ పేజీలో పాన్ అనో ఆప్టికల్ అనో ఉన్నచోట ఆర్ఎక్స్ పవర్ అని ఒక అంకె కనబడుతుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 25 దాటి ఇంకా కిందికి పోతే అనుమానించాలి. ఇళ్లలో పెట్టే మామూలు జీపాన్ (ఫైబర్) పెట్టెకి ప్రమాణం ప్రకారం హద్దు మైనస్ 27. ఆ అంచున ఉన్న లైను మధ్యాహ్నం ఎండకి, రాత్రి గాలివానకి కొద్దిగా అటూ ఇటూ అయినా ఆగిపోతుంది, తెల్లారేసరికి దానంతటదే వస్తుంది. లైన్‌మన్ వచ్చినప్పుడు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. "ఏం ప్రాబ్లం లేదు సార్" అనేది అందుకే. అంకెను రోజుకి రెండుమూడు వేళల్లో ఫొటో తీసి పెట్టుకుంటే అతని ముందు పెట్టడానికి మీ దగ్గర రుజువు ఉంటుంది.

వచ్చిన మనిషి ఏం చేస్తే సరిగ్గా చేసినట్టు? పెట్టె వెనకాల ఆకుపచ్చ మూతి ఉన్న సన్నని వైరు మెల్లగా లాగి పవర్ మీటర్లో పెట్టాలి, మీటరును 1490 నానోమీటర్ల మీద ఉంచాలి. డౌన్‌లోడ్ వెలుతురు వచ్చేది దాని మీదే. 1310 మీద పెట్టి చదివితే ఆ అంకెను నమ్మలేం. ఇంట్లో మైనస్ 29 వచ్చిందనుకోండి. అతను వెంటనే పెట్టె మార్చేస్తానంటే వద్దనండి. "అన్నా, ఒకసారి కింద డబ్బా దగ్గర కూడా కొలువు" అనండి. స్టిల్ట్ పార్కింగ్‌లోనో స్తంభం మీదో, ఒక ఫైబర్‌ని పలు ఇళ్లకి పంచే స్ప్లిటర్ ఉన్న డబ్బా ఉంటుంది. అక్కడ మైనస్ 21 వచ్చిందంటే ఆ డబ్బాకీ మీ పెట్టెకీ మధ్య 8 డీబీ పోతోంది. 3 డీబీ పోతే వెలుతురు సగమైనట్టు, 8 పోతే ఆరోవంతు కూడా మిగలనట్టు. ఆ ముప్పై నలభై మీటర్ల వైర్లో దూరం వల్ల పోయేది లెక్కలోకి రాదు. ఫైబర్ నష్టం కిలోమీటరుకే దాదాపు 0.35 డీబీ. కాబట్టి ఎక్కడో నలిగింది, వంగింది, లేదా అతుకు చెడింది.

ఎక్కడో కనిపెట్టడానికి ఎర్ర లేజర్ పెన్ను ఉంటుంది. దాన్ని ఒక చివర పెట్టి వెలిగిస్తే విరిగిన చోట ఎర్రగా మెరుస్తుంది. డబ్బా నుంచి ఇంటికి వచ్చే నల్ల తొడుగున్న డ్రాప్ కేబుల్‌లో పగలు కనబడటం కష్టం, చీకటి పడ్డాక చూస్తే మేలు. ఆ వెలుగు ఎంత చిన్నగా ఉన్నా కళ్లు పెట్టి చూడొద్దు, పిల్లల్ని చూడనివ్వొద్దు. పెన్ను లేకపోయినా చూడాల్సిన చోట్లు అందరికీ తెలిసినవే: కిటికీ రెక్క మూసినప్పుడు నొక్కుకునే మూల, గోడకి కొట్టిన క్లిప్పు మరీ బిగుసుకున్న చోట, టీవీ స్టాండు వెనకాల రబ్బరు బ్యాండు వేసి చుట్టేసిన చుట్ట, ఉడతలు తిరిగే పిట్టగోడ. వంపు తట్టుకునే రకం ఫైబర్ కూడా ఒక సెంటీమీటరు వ్యాసార్థం కన్నా చిన్న వంపులో పెడితే వెలుతురు పోగొట్టుకుంటుంది. పాతరకం ఫైబర్ అయితే మూడు సెంటీమీటర్లకే గోల మొదలు.

అతుకుల సంగతి మరీ ఘోరం. రెండు కొసలను కరిగించి కలిపే ఫ్యూజన్ స్ప్లైసింగ్ మెషిన్‌తో అతికితే 0.1 డీబీకి మించి పోదు. మెషిన్ లేకుండా చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టర్ ఆ రోజుకి బాగానే పనిచేస్తుంది, కానీ లోపలి తీగ సరిగ్గా కోయకపోతే కొన్నాళ్లకి జారుతుంది, నష్టం పెరుగుతుంది. ఇక రెండు ముక్కలు కలిపి నల్ల టేపు చుట్టి బాల్కనీలో వేలాడదీసే పనిని ఒప్పుకోవద్దు. "డబ్బా నుంచి ఒకే ముక్క కొత్త డ్రాప్ లాగండి" అని అడగడంలో తప్పేమీ లేదు. రంగు కూడా చూడండి. ఆకుపచ్చ కనెక్టర్ కొసను ఏటవాలుగా కోస్తారు, నీలం కనెక్టర్ కొస అలా ఉండదు. దగ్గర లేదు కదా అని ఒకదానికి ఇంకోటి పెట్టేస్తే రెండు కొసలూ కలవవు, నాలుగైదు డీబీ అక్కడే గాల్లో కలుస్తుంది.

కొత్త పెట్టె ఇచ్చి వెళ్లిపోవడం వాళ్లకి సులువు, స్తంభం ఎక్కడం కష్టం. అందుకే మంచి పెట్టెలు ఊరికే మారిపోతుంటాయి, చెడ్డ డ్రాపులు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి.

ఇక ఓటీపీ. పని పూర్తయ్యాక చెప్పమని మీ ఫోన్‌కి వచ్చే ఆ నాలుగు అంకెలే మీ చేతిలో ఉన్న ఏకైక పగ్గం. గడువు దగ్గర పడుతోందని లైన్‌మన్ దారిలోంచే ఫోన్ చేసి "సార్, ఓటీపీ చెప్పండి, సాయంత్రం వచ్చి చూస్తా" అంటాడు. చెప్పారంటే టికెట్ క్లోజ్, సాయంత్రం ఉండదు. మీరు మళ్లీ ఫోన్ చేస్తే అది కొత్త ఫిర్యాదు అవుతుంది, గడువు మళ్లీ మొదటికొస్తుంది. అతని మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, అతన్ని అలా పరిగెత్తించే లెక్క పైవాళ్లది. "తమ్ముడూ, నువ్వు వచ్చి మీటర్ చూపించాక అక్కడికక్కడే చెప్తా" అంటే చాలు. చెప్పకుండానే క్లోజ్ అయితే ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి, అదే టికెట్ నంబరు మీద మళ్లీ తెరవమనండి. కొత్త నంబరు ఇస్తామంటే పాత నంబరు అందులో రాయించండి. ఊళ్లో కేబుల్ ఆపరేటర్ ద్వారా తీసుకున్న కనెక్షన్ అయినా సరే, ఆయనకి వాట్సాప్ పెట్టి ఊరుకోకుండా కంపెనీ యాప్‌లో నంబరు పుట్టించుకోండి. నంబరు లేని ఫిర్యాదు రేపు ఎక్కడా నిలబడదు.

ఫోన్ చేసేముందు పక్కింటివాళ్లని కూడా అడగండి. ఒకే డబ్బాలో ఉన్న ముగ్గురికీ లేదంటే మీ వైరు నిర్దోషి, స్ప్లిటరో మెయిన్ కేబులో పోయింది. ఆ మాట ఫిర్యాదులో రాయిస్తే అది లైన్‌మన్‌కి కాకుండా నెట్‌వర్క్ టీమ్‌కి వెళ్లాలి.

హైదరాబాద్‌లో ఉంటే ఈ మెయిన్ కేబుల్ గోల ఇంకా ఎక్కువ. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, స్తంభాల మీది కేబుళ్లను కట్టలకి కట్టలే కోసేశారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాల కన్నా నెట్ గొప్పదని ఎవరూ అనరు. కానీ ఏళ్ల తరబడి తెగిన తీగల్ని దింపకుండా వాటి మీదే కొత్తవి వేసుకుంటూ పోయింది కంపెనీలే కదా! ఆంధ్రలో ఏపీ ఫైబర్‌నెట్ కూడా మొదటి నుంచీ కరెంటు స్తంభాల మీదుగానే నడిచింది, ఇంటి గుమ్మం దాకా తెచ్చేది ఊరి కేబుల్ ఆపరేటరే. వినాయక చవితికి పెద్ద విగ్రహం వీధిలోకి వస్తే తీగల్ని కర్రతో ఎత్తుతారు, అందకపోతే కోసేస్తారు. ఆ రోజుల్లో ఎల్‌ఓఎస్ ఎర్రబడితే కారణం వెతకనక్కర్లేదు.

స్పీడ్ గురించి అడగలేదు గానీ ఒక ముక్క చెప్పేస్తా. ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో పెట్టెకి కలిపి కొలవని స్పీడుని ఎవరికీ చూపించకండి, మీ మాట తేలిపోతుంది. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఎన్నిసార్లు కొలిచినా 93, 94, 95 దగ్గరే ఆగుతోందంటే పోర్టు వంద ఎంబీపీఎస్‌ది, లేదా కేబుల్లో ఎనిమిది తీగలూ కలవడం లేదు. లైనుకి సంబంధం లేదు. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీద యాభై దాటకపోవడం అపార్టుమెంట్లలో మామూలే. నెట్ మధ్యలో ఆగుతుంటే రెండు పింగ్‌లు (అవతలి అడ్రసు బదులిస్తోందా అని చూసే పరీక్ష) పక్కపక్కన నడపండి: ఒకటి రౌటర్ అడ్రసుకి, ఇంకోటి బయట నెట్‌లో ఉన్న 8.8.8.8కి. మొదటిదే తప్పుతుంటే మీ వైఫై, రెండోది మాత్రమే తప్పుతుంటే వాళ్ల లైను.

ఇవన్నీ చేసినా కదలకపోతే పైకి వెళ్లాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ అప్పీల్ అధికారి ఉండాలి. ఫిర్యాదు గడువు దాటాక 30 రోజుల్లోపు అప్పీల్ చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ఆ ఈమెయిల్ అడ్రసు కంపెనీ సైటులో అడుగునెక్కడో ఉంటుంది, వెతకాలి. ట్రాయ్‌కే నేరుగా రాస్తామంటారు చాలామంది. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీర్చదు. టెలికాం శాఖ వైపు వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ పీజీ పోర్టల్ (ప్రజా ఫిర్యాదుల సైటు) ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్‌కి రావనే పాత వాదన 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది, ఇప్పుడు జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నాణ్యతా నిబంధనల్లో మూడు రోజులకు మించి బాగుచేయని లైనుకి పరిహారం కూడా ఉంది. అడగనివాడికి ఇవ్వరు, అడిగేటప్పుడు ఆ టికెట్ నంబర్లూ డీబీఎం ఫొటోలూ జతచేయండి.

విసిగిపోయి కంపెనీ మారాలనుకుంటే ముందు పక్క ఫ్లాటువాళ్లని వాళ్ల ఆర్ఎక్స్ పవర్ ఎంతో అడగండి, ప్రకటనల కన్నా అదే నిజం చెబుతుంది. ఇంట్లో సీసీ కెమెరా ఉంటే కొత్తవాళ్లు పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల అడ్రసు) ఇస్తారా అని కూడా అడగండి. రౌటర్‌లో ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు వందలమందితో ఒకే అడ్రసు పంచుకుంటున్నట్టు, బయటి నుంచి కెమెరాని చూడటానికి పెట్టుకునే పోర్ట్ ఫార్వార్డింగ్ పనిచేయదు. పాత పెట్టె తిరిగిచ్చేటప్పుడు అడాప్టరుతో సహా ఇచ్చి, సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి. తీసుకెళ్లే కుర్రాడు "యాప్‌లో అప్‌డేట్ అయిపోతుంది సార్" అంటాడు. ఆ అప్‌డేట్ స్క్రీన్‌ని ఫొటో తీశాకే పెట్టె చేతిలో పెట్టండి.