పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: బెంట్లీ కాంటినెంటల్

ప్రశ్న: బెంట్లీలో ఎన్నో మోడళ్లు వచ్చినా ‘కాంటినెంటల్’ పేరుకే ఇంత గౌరవం ఎందుకు? 1952 నాటి మొదటి కారుకీ, అప్పటి మామూలు ఆర్-టైప్ సెలూన్‌కీ (నాలుగు తలుపుల కారుకీ) నిజంగా తేడా ఉందా?

జవాబు: చాలా ఉంది. ఇంగ్లండ్ వాళ్లు కాంటినెంట్ అనేది ఛానెల్ అవతలి యూరప్‌ను. నలుగురు మనుషుల్నీ వాళ్ల పెట్టెల్నీ ఎక్కించుకుని ఫ్రాన్స్ పొడవునా వేగంగా వెళ్లినా ఒళ్లు అలవని కారు చెయ్యాలన్నది ఇంగ్లండ్‌లో క్రూ ఊళ్లోని బెంట్లీ ఫ్యాక్టరీ ఇంజినీరు ఐవన్ ఎవర్న్‌డెన్, డిజైనర్ జాన్ బ్లాచ్‌లీల పట్టుదల. దీనికి బీజం యుద్ధానికి ముందే పడింది. ప్యారిస్‌లో ఉండే గ్రీకు రేసర్ ఎంబిరికోస్ కోసం 1938లో జార్జ్ పాలిన్ గీసిన ఆకారంతో ఒక బెంట్లీ తయారైంది. మరుసటి ఏడు బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద అది ఒక్క గంటలో 114.64 మైళ్లు, అంటే 184 కిలోమీటర్లకు పైగా పరిగెత్తింది. గాలిని తప్పించుకునే బాడీ ఎంత మేలు చేస్తుందో అప్పుడే తేలిపోయింది.

యుద్ధం తర్వాత అసలు చిక్కు టైర్ల దగ్గర వచ్చింది. గంటకు 185 కి.మీ. దాటి బరువైన కారును మోస్తే ఆనాటి టైర్లు వేడెక్కి పాడయ్యేవి. అందుకే బరువు సుమారు 1,700 కిలోలు దాటకూడదని గిరి గీసుకున్నారు. మిగతా నిర్ణయాలన్నీ ఆ గిరికి లోబడినవే. బాడీ రేకులు అల్యూమినియం, అద్దాల చట్రాలు తేలిక మిశ్రలోహం, సీట్ల చట్రాలూ బంపర్లూ కూడా అదే దారి. ఆకారాన్ని అప్పటి బెంట్లీ యజమాని రోల్స్-రాయిస్ వారి హక్‌నల్ కేంద్రంలో విండ్ టన్నెల్‌లో పరీక్షించారు. వెనక మడ్‌గార్డుల మీద రెక్కల్లా లేచిన అంచులు చాలామంది అనుకుంటున్నట్టు సోకు కోసం పెట్టినవి కావు. వేగంలో కారు అటూ ఇటూ ఊగకుండా నిలబెట్టడమే వాటి పని.

ఇక వెనక ఇరుసు చూడండి. ఇంజిన్ తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్, అది తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌన్ వీల్. సెలూన్‌లో మొదట 11 పళ్ల పినియన్‌కు 41 పళ్ల క్రౌన్ వీల్ ఉండేది. కాంటినెంటల్‌లో 13కి 40. అంటే అదే వేగానికి ఇంజిన్ తిరగాల్సిన చుట్లు సుమారు ఆరో వంతు తగ్గిపోయాయి. ఆరు సిలిండర్ల 4,566 సీసీ ఇంజిన్ రోజంతా లాగినా కారులో మాట వినిపించేది అందుకే. ‘ఓల్గా’ అని ముద్దుగా పిలిచే నమూనా కారు 1951లో ప్యారిస్ దగ్గరి మోంట్‌లెరీ ట్రాక్‌పై గంటకు సుమారు 190 కి.మీ. సగటు చూపింది.

1954 నుంచి ఇంజిన్ 4,887 సీసీ అయింది, ఆటోమేటిక్ గేరుబాక్సు వచ్చింది, కొనేవాళ్లు బరువైన సీట్లు అడగడం మొదలుపెట్టారు. తేలిక సీట్లు, చేతి గేర్లు ఉన్న తొలి కార్లే ఈ వరుసలో అన్నిటికన్నా స్వచ్ఛమైనవని మా అభిప్రాయం.

ప్రశ్న: ఆర్-టైప్ కాంటినెంటల్ అంటూ ఒక కారు అమ్మకానికి వచ్చింది. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు ఛాసిస్ నంబరు చదవండి. కాంటినెంటల్ నంబర్లు ‘బీసీ’తో మొదలవుతాయి, చివర ఎ నుంచి ఇ వరకు ఒక అక్షరం ఉంటుంది. ఓల్గా నంబరు బీసీ26ఎ. ఏ వరుసలోనూ 13వ నంబరు లేదు. అలాంటి నంబరు చూపిస్తే అక్కడే ఆగిపోండి. ఓల్గాతో కలిపి మొత్తం తయారైనవి 208. అందులో 193 కార్లకు బాడీ కట్టింది హెచ్. జె. ములినర్ సంస్థ. మిగిలినవి పార్క్ వార్డ్, ఫ్రానే, గ్రాబర్, ఫరీనాల పని.

మామూలు సెలూన్ ఛాసిస్ మీద ములినర్ ఆకారంలో కొత్త బాడీ కట్టిన కార్లు చాలానే తిరుగుతున్నాయి. రంగూ తోలూ చూసి పోల్చుకోలేరు. కాబట్టి కారును పైకెత్తి, వెనక చక్రం తిప్పి చూస్తూ ఇరుసు రేషియో లెక్కపెట్టించండి. పైన చెప్పిన 40ని 13తో భాగిస్తే వచ్చే 3.08 దగ్గర రాకపోతే ఎందుకు మారిందో అమ్మేవాళ్లు కాగితాలతో చూపించాలి.

ప్రశ్న: ఆర్-టైప్ తర్వాతి ఎస్ వరుసలోని 1960 నాటి ఎస్2 కాంటినెంటల్‌లో స్పార్క్ ప్లగ్గులు మార్చాలంటే ముందు చక్రాలు విప్పాలంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. 1959లో వచ్చిన 6,230 సీసీ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌లో ప్లగ్గులు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటాయి. బానెట్ ఎత్తి పైనుంచి చెయ్యి పెడితే అందవు. కారును జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపాలి, చక్రం తీయాలి, మడ్‌గార్డు లోపలి మూత విప్పాలి. అప్పుడు ప్లగ్గులు ఎదురుగా కనిపిస్తాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పండి. హెడ్ అల్యూమినియంది, వేడి మీద తిప్పితే హెడ్‌లోని మరలు ప్లగ్గుతో పాటే ఊడి వస్తాయి. కొత్తదాన్ని ముందు చేత్తోనే ఎక్కించి, చివరి బిగింపుకు మాత్రమే పానా వాడండి.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఈ ఇంజిన్ బ్లాకు అల్యూమినియం, లోపలి లైనర్లు (పిస్టన్లు కదిలే గొట్టాలు) పోత ఇనుము, వాటి చుట్టూ కూలెంట్ తిరుగుతుంది. తుప్పును ఆపే యాంటీఫ్రీజ్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, రెండేళ్లకోసారి మార్చాలి. బ్లాకు పక్కన చిన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి కూలెంట్ చెమ్మ కారితే లైనర్ అడుగు సీలు పోయిందని అర్థం. కారుతోందని ఆ రంధ్రం మూసేసేవాళ్లున్నారు. మూస్తే నీళ్లు నేరుగా ఆయిల్ సంప్‌లోకి దిగి బేరింగులు పోతాయి.

ప్రశ్న: ఎస్3 తర్వాత ఈ పేరు ఎటు పోయింది?

జవాబు: 1965తో ఎస్ వరుస, దాంతోపాటే బాడీకి వేరుగా ఉండే విడి ఛాసిస్ ముగిశాయి. 1984లో బెంట్లీ కార్నిష్ కన్వర్టిబుల్‌కు కాంటినెంటల్ అని పేరు మార్చారు, అంతే. రోల్స్-రాయిస్‌తో పంచుకోని సొంత బాడీ మళ్లీ దక్కింది 1991 జెనీవా షోలో, టర్బో 6.75 లీటర్ల కాంటినెంటల్ ఆర్‌తో.

ప్రశ్న: 1994 కాంటినెంటల్ ఆర్‌లో బ్రేకు నొక్కినప్పుడల్లా ప్రెజర్ దీపం వెలుగుతోంది. బ్రేక్ ఆయిల్ పోస్తే సరిపోతుందా?

జవాబు: దయచేసి పోయకండి. ఈ కారు బ్రేకులు నడిచేది ఆకుపచ్చ రంగు హైడ్రాలిక్ మినరల్ ఆయిల్‌తో. మామూలు బ్రేక్ ఫ్లూయిడ్ కొద్దిగా పడినా రబ్బరు సీళ్లు పాడవుతాయి. పంపు నుంచి, కారు వెనక ఎత్తును సరిచూసే లెవలింగ్ దాకా అన్నీ విప్పాల్సిన పరిస్థితి వస్తుంది.

మీరు చెప్పిన లక్షణానికి ఎక్కువసార్లు కారణం అక్యుములేటర్లు. ఇవి నైట్రోజన్ నింపిన గోళాలు, రెండుంటాయి. ఇంజిన్‌ను అయిదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చెయ్యండి. పెడల్ నొక్కుతూ లెక్కపెట్టండి. పదిలోపే దీపం వెలిగితే గోళంలో గ్యాస్ పోయినట్టే. ఏ పైపు విప్పే ముందైనా రెండు ప్రెజర్ దీపాలూ (గోళానికొకటి) వెలిగి అలాగే నిలిచేదాకా పెడల్ నొక్కి ఒత్తిడి దించేయాలి. లోపల 150 బార్‌కు పైగా ఉంటుంది, చెయ్యి కోసుకుపోతుంది.

ప్రశ్న: 2005 కాంటినెంటల్ జీటీ కొందామనుకుంటున్నాం. ఏం చూడాలి?

జవాబు: 1998లో బెంట్లీని ఫోక్స్‌వ్యాగన్ కొన్నాక 2003లో వచ్చిన కారిది. ఫోక్స్‌వ్యాగన్ ఫేటన్‌కు దగ్గరి చుట్టం. ఆరు లీటర్ల డబ్ల్యూ12, రెండు టర్బోలు, నాలుగు చక్రాలకూ శక్తి, గరిష్ఠ వేగం 318 కి.మీ. పన్నెండు సిలిండర్లను పొట్టి ఇంజిన్‌లో ఇరికించారు కనుక చెయ్యి దూరే సందు ఉండదు. ఇంజిన్ వెనక వాక్యూమ్ పైపులు పగిలితే చాలాసార్లు ఇంజిన్ దించాల్సిందే. పైపు చవక, కూలి మాత్రం గుండె ఆగేంత. ఇంజిన్ దించిన బిల్లులుంటే వాటిని లోపంగా చూడకండి, ఆ పని మీ నెత్తిన పడదని సంతోషించండి.

కారును రాత్రంతా నిలిపి ఉంచమనండి. పొద్దున ఒక మూల కుంగి ఉంటే ఎయిర్ సస్పెన్షన్ కారుతోంది. అలాగే నడిపితే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. డిక్కీలో బ్యాటరీలు రెండు, ఒకటి స్టార్టరుకు, రెండోది మిగతా కరెంటు పనులకు. రెండోది నీరసించినా అద్దాల నుంచి గేరుబాక్సు దాకా లేని జబ్బులన్నీ తెర మీద కనిపిస్తాయి, అందుకే రెంటినీ విడివిడిగా లోడ్ టెస్ట్ చేయించాకే కంప్యూటరు చూపే తప్పుల జాబితా నమ్మండి. చివరగా ముందు అద్దం అడుగున ఆకులు పేరుకున్న నీటి దారులు చూసి, కాళ్ల దగ్గరి తివాచీ కింద చెయ్యి పెట్టండి. తడి తగిలితే బేరం ఆపేయండి.