వాన సాయంత్రం ఇరవై మందికి టీ

ప్రశ్న: దీపావళి వెళ్లాక మా ఆడపడుచుల కుటుంబాలు వస్తున్నాయి, ఇరవై మందిమవుతాం. సాయంత్రం అల్లం టీ, మిరపకాయ బజ్జీలు పెడదామనుకుంటున్నా. పోయినసారి పాలు విరిగాయి, బజ్జీలు నూనె పీల్చాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: పచ్చి అల్లంలో పాల మాంసకృత్తులను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. అది వేడికి చచ్చిపోతుంది. కాబట్టి దంచిన అల్లం 40 గ్రాములు ముందు లీటరు నీళ్లలో అయిదారు నిమిషాలు మరిగించండి. తర్వాత టీపొడి 50 గ్రాములు వేసి రెండు నిమిషాలు ఉంచి, వేరేగా కాచిన లీటరున్నర పాలు పోయండి. చక్కెర 200 గ్రాములు. పక్కన నెల్లూరు మలై కాజా పెడుతుంటే 150 చాలు, తీపి తిన్న నోటికి టీ ఎలాగూ చప్పగానే ఉంటుంది గనక పెద్దవాళ్లకు విడిగా చక్కెర గిన్నె పెట్టండి. ఫ్లాస్కులో గంట దాటితే రుచి పోతుంది. రెండు విడతలుగా కాచడమే మేలు.

బజ్జీలకు నలభై మిరపకాయలు, ముప్పావు కిలో శనగపిండి, గుప్పెడు బియ్యప్పిండి. వానరోజుల్లో కాయల మీద తడి ఆరదు, పిండి జారిపోతుంది. గుడ్డతో తుడిచి చీల్చి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కూరండి. సోడా చిటికెడు మించితే నూనె పీలుస్తుంది. నూనె కాగకపోయినా అంతే: పిండి చుక్క వేస్తే వెంటనే పైకి తేలాలి. మూకుడులో ఒక్కసారి ఆరేడుకు మించి వేయకండి, నూనె చల్లబడుతుంది.

సోమవారం మాత్రం పెట్టుకోకండి. కార్తీక ఉపవాసం ఉన్నవాళ్లు నక్షత్రాలు చూసేదాకా ముట్టరు.